జింక్ కాదు

ఢిల్లీ ద్వారకలో నేను కెమిస్ట్రీ చెప్పిన స్కూలు, మార్చి దాటాక నన్ను మళ్ళీ పిలవలేదు. తోటివాళ్ళతో కలిసి పనిచేసే స్వభావం లేదని ఇంగ్లీషులో చాలా మర్యాదగా రాసిచ్చారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరితో కలవాలో, ఎందులో కలవాలో చూసుకునే కలుస్తాను నేను.

నా పేరు సరళకుమారి, మాది బాపట్ల. మా ఆయన ఆనందబాబు ఇక్కడే ఓ ఆసుపత్రిలో నర్సు, మహా ఓర్పు గల మనిషి. ఆ ఓర్పులో పావు వంతయినా నాకూ ఇవ్వమని చర్చిలో మా వాళ్ళంతా ఏళ్ళ తరబడి ప్రార్థన చేస్తున్నారు. ఇంతవరకూ జవాబు రాలేదు.

పన్నెండో తరగతి బోర్డు పరీక్షలో కెమిస్ట్రీకి డెబ్బై మార్కులు రాతకి, ముప్ఫై ప్రాక్టికల్స్‌కి. ఆ ముప్ఫైని మా స్కూల్లో ఎవరూ పరీక్ష అనుకోరు, దీపావళి బోనస్ అనుకుంటారు. పదకొండులో చేరిన రోజు నుంచీ పిల్లల ప్రాణమంతా కోచింగ్ మీదే. స్కూలు వదలగానే మెట్రో ఎక్కి జియా సరాయ్ వైపు పరుగు. ల్యాబ్ పీరియడ్‌లో తెల్లకోటు వేసుకుని, రంగునీళ్ళున్న టెస్ట్‌ట్యూబ్ పట్టుకుని ఫొటోలు దిగుతారు. రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించేస్తారు. పరీక్షకి ముందు రోజు మాత్రం అందరూ తప్పకుండా వస్తారు. ఆ రోజు 'గైడెన్స్' ఉంటుంది.

గైడెన్స్ అనేది మా స్కూలు పెట్టుకున్న ముద్దుపేరు. పరీక్షలో పిల్లలకి ఏదో ఒక లవణం పొడి ఇచ్చి, పరీక్షలు చేసి అదేమిటో కనిపెట్టమంటారు. కెమిస్ట్రీ విభాగానికి పెద్ద అయిన త్యాగీ గారు, ముందు రోజు ఆఖరి పీరియడ్‌లో తలుపు వేసి, ఏ వరుసవాళ్ళకి ఏ లవణం రాబోతోందో చెప్పేస్తారు. పిల్లలు ఆ పేజీ ఒక్కటీ బట్టీ కొట్టి వస్తారు. ఏం కలిపితే ఏ రంగు వచ్చిందో, ఏ వాసన వేసిందో అన్నీ చక్కగా రాసేస్తారు. ముందున్న పొడి వంక చూడాల్సిన పనే లేదు. బయటి స్కూలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ చేతిలో త్యాగీ గారి చీటీ ఉంటుంది, దాంతో సరిచూసి మార్కులు వేస్తారు. తర్వాత పనీర్ కూరతో భోజనం. అందరికీ ముప్ఫైకి ముప్ఫై.

చేరిన మొదటి ఏడాది ఈ తంతు చూసి ఊరుకోలేక, ఈ మాత్రానికి పొడి ఎందుకండీ, గ్యాస్ దండగ, మార్కులే తలా ఇన్ని పంచేయండి అన్నాను. త్యాగీ గారు నవ్వి, మీ దక్షిణాది వాళ్ళు ప్రతిదీ మనసుకి తీసుకుంటారు మేడం అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ వారమే ల్యాబ్ తాళంచెవి అడిగి తీసుకున్నాను. రోజూ స్కూలు వదిలాక ఒక గంట ల్యాబ్ తెరిచి ఉంచుతాను, చేతులు కాల్చుకోవాలని ఉన్నవాళ్ళు రండి అని క్లాసులో చెప్పాను. వచ్చింది ఒక్కతే. సాత్విక.

సాత్విక వాళ్ళు మా అపార్ట్‌మెంట్ సొసైటీలోనే, మాకు రెండంతస్తుల పైన ఉంటారు. వాళ్ళ నాన్న పృథ్వీరాజ్ గారిది కరీంనగర్ దగ్గర పల్లె. గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లిఫ్టులో నన్ను ఆంటీ అనే పిల్ల స్కూలు గేటు దాటగానే మ్యామ్ అంటుంది. తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు. బుర్ర ఉన్న పిల్లే. కాకపోతే బట్టీ అనేది దానికి దేవుడు రాసిపెట్టలేదు. రాత్రి చదివింది పొద్దున్నకి ఉండదు. ప్రీబోర్డులో అన్నీ కలిపి డెబ్బై ఐదు శాతం దగ్గర ఊగిసలాడుతోంది. బోర్డులో ఆ గీత దాటకపోతే, ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చినా పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో సీటు ఇవ్వరు. వాళ్ళింట్లో అన్నం దగ్గర కూడా డెబ్బై ఐదే మాట.

ల్యాబ్‌లో మాత్రం ఆ పిల్ల వేరు. మొదటి రోజు బొగ్గు పరీక్ష చేయించాను. బొగ్గు ముక్కలో చిన్న గుంట తొలిచి, అందులో లవణం వేసి, మంటని గొట్టంతో ఊదుతూ కాల్చాలి. తెల్లటి బూడిద మిగిలితే దాని మీద కోబాల్ట్ నైట్రేట్ చుక్క వేసి మళ్ళీ కాల్చాలి. జింక్ అయితే ఆకుపచ్చ, అల్యూమినియం అయితే నీలం, మెగ్నీషియం అయితే గులాబీ. బుగ్గలు పూరీల్లా ఉబ్బించి ఊదింది. ఆకుపచ్చ రంగు తేలగానే గొట్టం కింద పెట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఇది మరిచిపోను మ్యామ్ అంది, హిందీలో.

"మర్చిపోయినా ఫర్వాలేదే," అన్నాను. "నువ్వేదీ గుర్తుపెట్టుకోబాకు. చెయ్యి, చూడు, చూసింది రాయి. చూడనిది ఒక్క ముక్క కూడా రాయబాకు."

ఏడాది పొడుగునా, చలికాలంలో కూడా అదే పని. బయట పొగమంచుకి ఎదుటి బిల్డింగు కూడా కనపడేది కాదు. లోపల మేమిద్దరం బర్నర్ దగ్గర చేతులు కాచుకుంటూ లవణాలు తేల్చేవాళ్ళం. కోచింగ్‌లో మొదటి గంట ఎగ్గొడుతోందని పృథ్వీరాజ్ గారికి తెలిసిపోయింది. ఓ ఆదివారం మా ఇంటికొచ్చి, ప్రాక్టికల్ మార్కులు ఎట్లయినా వస్తాయి కదా మేడం, పిల్లను ఎందుకు ఆపుతున్నారు అని చాలా మెత్తగా అడిగారు. వచ్చే మార్కులు వేరు, వచ్చే కెమిస్ట్రీ వేరండీ అన్నాను. ఆయనకి నా మాట నచ్చలేదు. పిల్ల మాత్రం రావడం మానలేదు.

ఫిబ్రవరిలో పరీక్ష వచ్చింది. లోపలి ఎగ్జామినర్‌ని నేనే. బయటి నుంచి మైథిలి గారు వచ్చారు. రోహిణి వైపు ఓ ప్రభుత్వ పాఠశాలలో టీచరు, బీహార్ మనిషి. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ, మధ్యాహ్నానికల్లా వదిలేస్తే చాలన్నట్టు కూర్చున్నారు. పరీక్ష లవణాలు త్యాగీ గారి బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఆయనే తీసి, లేబుల్ చూసి, పొట్లాలు కట్టించి వరుసల్లో పంచారు. ముందు రోజు గైడెన్స్ కూడా ఎప్పటిలాగే జరిగింది. సాత్విక కూర్చున్న వరుసకి జింక్ సల్ఫేట్. సాత్వికకీ ఆ సంగతి తెలుసు. తలుపు వేసిన గదిలో అదీ ఉంది మరి.

నేను వరుసల మధ్య తిరుగుతున్నాను. సాత్విక పక్కన ఇషిత కూర్చుంది. క్లాసు ఫస్టు పిల్ల, ఒకసారి చదివితే కామాతో సహా అప్పజెబుతుంది. ఎగ్జామినర్ చూస్తున్నారు కదా అని ఇషిత కూడా బొగ్గు మీద పొడి పెట్టి నాలుగు ఊదులు ఊదింది. కోబాల్ట్ చుక్క వేసి కాల్చింది. గులాబీ రంగు వచ్చింది. లేతగానే అయినా స్పష్టమైన గులాబీ. ఇషిత దాన్ని చూసింది. నేను వెనకే ఉన్నాను, అది చూడటం నేను చూశాను. చూసి, తల వంచి, అందమైన అక్షరాలతో 'ఆకుపచ్చ' అని రాసింది.

నాకు కోపం రాలేదు. భయం వేసింది. పిల్ల అబద్ధం ఆడితే కోప్పడొచ్చు. ఇది అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోవడం లేదు.

వరుసంతా చూసుకుంటూ పోయాను. ఊదిన ప్రతి బొగ్గు మీదా గులాబీ. ప్రతి కాగితం మీదా ఆకుపచ్చ, కింద జింక్ సల్ఫేట్. సంగతి నాకు అర్థమైంది. జింక్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, రెండూ చూడ్డానికి ఒకేలా తెల్లగా ఉంటాయి. ఎక్కడో ఎవరో ఒక సీసా లేబుల్ ఇంకో సీసాకి అంటించారు. బీరువాలోంచి తీసిన ఆ సీసాలో ఏముందో ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు. త్యాగీ గారి చెవిలో వేయాలా అని క్షణం ఆలోచించాను. వేయబుద్ధి కాలేదు.

సాత్విక కూడా అప్పటికి కాల్చింది. గులాబీ చూసి గతుక్కుమంది. ఆ బొగ్గు పక్కన పడేసి కొత్త ముక్క తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ గులాబీయే. ఇంకో పరీక్ష చేసింది, అదీ జింక్‌కి కుదరలేదు. పక్కనుంచి ఇషిత జాలిగా, జింక్, జింక్ అని గొణిగింది. సాత్విక కలం ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. నేను చెప్పకూడదు, చెప్పినా అది దాని జవాబు కాదు. కాసేపటికి తల దించి రాసింది. వెనక నుంచి వెళ్తూ చదివాను: గులాబీ, మెగ్నీషియం సల్ఫేట్.

మైథిలి గారు కాగితాలు దిద్దుతూ సాత్విక దగ్గర ఆగారు. చీటీ చూశారు, కాగితం చూశారు. పిల్లని పిలిచి, తడబడినట్టున్నావు బేటా, టైము ఉంది, మరోసారి చూసుకో అన్నారు. రెండుసార్లు చేశానని సాత్విక చెప్పింది. ఈలోపు త్యాగీ గారు వచ్చారు. ఆయన గొంతులో తేనె కారుతుంది, అలాంటప్పుడే. కొత్త కాగితం తెచ్చి, పిల్ల కంగారులో రాసింది మేడం, ఇప్పుడు జింక్ అని రాసిచ్చేస్తుంది అన్నారు. సాత్విక కాగితం అందుకోలేదు. ఆ లవణానికి ఎనిమిది మార్కులు, సున్నా పడుతుంది అని గుర్తు చేశారు. అది తల అడ్డంగా ఊపింది.

త్యాగీ గారికి అప్పుడు అర్థమై ఉండాలి. ఈ ఒక్క కాగితం ఇలా పోతే, ఈ పిల్ల రేపు ఎక్కడైనా నోరు విప్పితే, మిగతా కాగితాల సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. బయటికెళ్ళి పృథ్వీరాజ్ గారికి ఫోను చేశారు. ఆ రోజు ఆయన ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఆయన వచ్చేసరికి రాసినవాళ్ళ కాగితాలన్నీ మైథిలి గారి ముందే ఉన్నాయి, పిల్లలెవరూ కదల్లేదు. తమాషా వదిలి ఎవరు పోతారు.

పృథ్వీరాజ్ గారు తలుపు దగ్గరే ఆగి, చెప్పులు విప్పాలా అన్నట్టు కిందకి చూసి, తర్వాత లోపలికొచ్చారు. త్యాగీ గారు చెప్పిందంతా విన్నారు. కూతురి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశారు.

"రాసెయ్ బిడ్డా. జింకో గింకో, నీకేమైతది? ఈ ఎనిమిది పోతే డెబ్బై ఐదు ఎట్ల దాటుతవ్?"

"నాన్నా, నేను చూశాను," అంది సాత్విక. "రెండుసార్లు చూశాను. జింక్ కాదు."

తెలుగులో అంది. వాళ్ళ నాన్నకి తెలుగులో బదులివ్వగా నేను ఎప్పుడూ వినలేదు. ఆయన కూడా వినలేదేమో. తర్వాత నా వైపు తిరిగారు.

"మీరన్నా చెప్పుండ్రి మేడం. మీ మాటయితే వింటది."

"ఏం చెప్పమంటారండీ?" అన్నాను. "చూసింది కొట్టేసి చూడనిది రాయమనా? ఈ పిల్లకి ఏడాదంతా నేను నేర్పింది ఒకే ఒక్క ముక్క. దాన్ని కూడా నన్నే లాక్కోమంటారా?"

మైథిలి గారికి తెలుగు రాదు గనక అదే మాట హిందీలో ఆవిడకీ చెప్పాను. చెప్పి, పొడిని పరీక్ష చేసి చూద్దామన్నాను. త్యాగీ గారు అడ్డొచ్చారు. లేబుల్ ఉంది, చీటీ ఉంది, ఇంకేం చూస్తారు అన్నారు. ఆపైన గొంతు తగ్గించి, మార్చిలో మీ కాంట్రాక్టు నా టేబుల్ మీదకే వస్తుంది మేడం అన్నారు. మార్చి సంగతి మార్చిలో చూసుకుందురుగాని, ముందు కాస్త పక్కకు జరగండి అన్నాను. ఆయన నిజంగానే జరిగారు. అందరూ చూస్తున్నారు కదా.

రెండు టెస్ట్‌ట్యూబ్‌లు తీశాను. ఒక దాంట్లో మేమిద్దరం రోజూ వాడే సీసాలోని జింక్ సల్ఫేట్ కరిగించాను. రెండోదాంట్లో బీరువాలోంచి వచ్చిన పొడి. రెండింట్లోనూ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు చుక్కలుగా వేశాను. రెండూ పాలలా తెల్లబడ్డాయి. ఇంకా పోశాను. జింక్ ఉన్నది మెల్లగా తేరుకుని నీళ్ళలా అయిపోయింది. రెండోది తెల్లగానే ఉంది. ఇంకా పోశాను. సగం దాకా పోశాను. చెక్కు చెదరలేదు. ఇంత మొండితనం ఉన్న రసాయనం అంటే నాకు ప్రాణం.

మైథిలి గారు లేచారు. శాలువా తీసి కుర్చీ మీద వేసి, ముక్కు తుడుచుకుని, బొగ్గు ముక్క అడిగారు. ఆవిడ ఊదటం చూస్తే తెలిసింది, చేతికి బాగా అలవాటైన పని. మంట కదలకుండా నిలబడింది. చుక్క వేశారు, కాల్చారు, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నారు. గులాబీ.

సాత్విక కాగితం మీద ఎనిమిది వేసి, నువ్వు వెళ్ళొచ్చు అన్నారు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ త్యాగీ గారు తెలివైనవారు. మొహం ఎంత మాడినా బుర్ర పనిచేస్తూనే ఉంటుంది. టేబుల్ మీది కాగితాలు చకచకా వరుసకి తిరిగి పంచేసి, పిల్లలూ, లేబుల్‌లో చిన్న పొరపాటు జరిగింది, జింక్ కొట్టేసి మెగ్నీషియం రాయండి అన్నారు. కలాలన్నీ ఒక్కసారి కదిలాయి. నిమిషంలో కాగితాలు తిరిగి టేబుల్ మీదకి వచ్చేశాయి. గైడెన్స్ మళ్ళీ జరిగిపోయింది, ఈసారి తలుపులు తీసి ఉండగానే, నా కళ్ళ ముందే.

ఇషిత కాగితం నా చేతికొచ్చింది. చదివి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివర్న జింక్ కొట్టేసి మెగ్నీషియం రాసింది. పైన మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోమని త్యాగీ గారు చెప్పలేదుగా. ఇంకోటి తీశాను, అదీ అంతే. అన్నీ అంతే. వాటిని మైథిలి గారి ముందు పెట్టి, ఒక్కొక్కటే పైకి చదివాను. "కోబాల్ట్ పరీక్షలో ఆకుపచ్చ వచ్చింది. కాబట్టి మెగ్నీషియం." మళ్ళీ ఇంకోటి. ఆకుపచ్చ వచ్చింది, కాబట్టి మెగ్నీషియం. మూడోది చదివేసరికి వెనక వరుసలో ఎవరో నవ్వారు. నాలుగోదానికి ఎవరూ నవ్వలేదు. ఇషిత తన బొగ్గు ముక్కని చేతిలోకి తీసుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

వీటి మీద నా సంతకం పడదు అన్నాను. మీ సంతకం కూడా పడదని నా నమ్మకం మేడం అన్నాను మైథిలి గారితో.

ఆవిడ ఆ వరుసలో మిగతావాళ్ళ కాగితాల మీద అడ్డంగా గీతలు కొట్టి, తెల్ల కాగితాలు తెప్పించమన్నారు. ఈ వరుసకి లవణం మళ్ళీ ఇద్దాం అన్నారు. త్యాగీ గారు వెంటనే, ఏ లవణమో తెలియకుండా మీరెలా దిద్దుతారు, చీటీ ఎవరు రాస్తారు అని లేచారు. చీటీ అక్కర్లేదు, మేమిద్దరం కూడా పిల్లలతో పాటే చేస్తాం అన్నారు ఆవిడ. ఆ మాటకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మరి పొడి ఎవరు తీయాలి? నేను తీస్తే నాకు తెలుస్తుంది, త్యాగీ గారు తీస్తే ఊరందరికీ తెలుస్తుంది. నేను పృథ్వీరాజ్ గారికి ల్యాబ్ సీసాలుండే అర చూపించాను. ఇందులో తెల్లగా ఉన్నది ఏ సీసా అయినా సరే, ఒకదాంట్లోంచి కాగితంలోకి వంచి పట్టుకురండి, సీసా మళ్ళీ అక్కడే పెట్టేయండి అన్నాను. ఆయన కంగారుపడ్డారు, నాకేం తెలుస్తది మేడం అన్నారు. తెలియదు గనకే మిమ్మల్ని అడుగుతున్నానన్నాను. మేమంతా గోడ వైపు తిరిగి నిలబడ్డాం, త్యాగీ గారితో సహా. సీసాల చప్పుడు వినపడింది. ఆయన రెండు చేతులతో ఆ పొట్లాన్ని ప్రసాదంలా పట్టుకొచ్చి, వరుసంతా తిరిగి తలా కాస్త వేశారు. ఎనిమిది వచ్చేసింది కదా, నువ్వు పోవచ్చు కదా అన్నట్టు కూతురి దగ్గర ఆగి చూశారు. సాత్విక కాగితం ముక్క ముందుకు చాపింది. ఆయన దానికీ వేశారు.

ఇషిత బర్నర్ ఎలా వెలిగించాలని నన్ను అడిగింది. రెండేళ్ళలో ఆ పిల్ల నన్నడిగిన మొదటి కెమిస్ట్రీ ప్రశ్న అది. చూపించాను.

నేనూ మైథిలి గారూ కూర్చుని మా పొడి మేం కరిగించడం మొదలుపెట్టాం. ఏమిటో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ ల్యాబ్‌లో జవాబు ఎవరికీ తెలియకుండా పరీక్ష జరగడం అదే మొదలు. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

త్యాగీ గారు మెల్లగా పృథ్వీరాజ్ గారి పక్కకు చేరారు. సీసా మీద ఏమని రాసి ఉంది అని హిందీలో చెవిలో అడిగారు. నేను తలెత్తాను. వరుసంతా తలెత్తింది. సాత్విక కూడా ఊదడం ఆపి వాళ్ళ నాన్న వంక చూసింది. పృథ్వీరాజ్ గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. త్యాగీ గారికి తెలుగు ముక్క రాదని ఆయనకి బాగా తెలుసు. అయినా తెలుగులోనే, గదంతా వినపడేలా చెప్పారు.

"ఎరుకే గానీ చెప్ప సార్. పిల్లలు చూసుకుంటరు."